రసాలు పండితేనే వైవా

పీహెచ్‌డీ ఆలస్యం కావడం ఈ దేశం చేసుకున్న అదృష్టం.

ఈ మాట వినగానే కొందరు కళ్లెర్రజేస్తారని తెలుసు. పేపర్లలో వ్యాసాలు రాసేవాళ్లు, టీవీల్లో చర్చలకు కూర్చునేవాళ్లు, అందరిదీ ఒకటే పాట. విశ్వవిద్యాలయాల్లో పరిశోధన ఏళ్లూ పూళ్లూ సాగుతోందట. కుర్రాళ్లు గడ్డాలు నెరిసేదాకా హాస్టళ్లలోనే పడి ఉంటున్నారట. ఉంటే ఏం? గడ్డం నెరవడానికి అంతకంటే చల్లని చోటు ఎక్కడుంది? బయటికొచ్చి ఎవరిని ఉద్ధరించాలి?

ఒక్కసారి ఆలోచించండి. పెళ్లిచూపుల్లో "అబ్బాయి పీహెచ్‌డీ చేస్తున్నాడండీ" అంటే అవతలివాళ్లు కాఫీ ఇంకో కప్పు తెప్పిస్తారు. అదే "చేసేశాడండీ" అని చూడండి. కాఫీ రాదు, ప్రశ్న వస్తుంది. "మరి ఉద్యోగం?" చేస్తున్నంతకాలం ఆ ప్రశ్న నోరెత్తదు. ఇంత భద్రత ఏ ఇన్సూరెన్సు కంపెనీ ఇస్తుంది చెప్పండి!

అందుకే ఆలస్యాన్ని తిట్టిపోసే పెద్దలందరినీ ఒకసారి తూర్పుతోట విశ్వవిద్యాలయానికి రమ్మని మనవి. నూజివీడు దాటి ముసునూరు వైపు వస్తుంటే రోడ్డు పక్కన పెద్ద సిమెంటు ఆర్చి కనిపిస్తుంది. ఆర్చి దాటాక చాలాసేపు విశ్వవిద్యాలయం కనిపించదు, మామిడి తోట కనిపిస్తుంది. కంగారుపడకండి. అదే విశ్వవిద్యాలయం.

దాని చరిత్ర ఘనమైనది. ఒకప్పుడు చుట్టుపక్కల రైతులు పిల్లలు చదువుకుంటారని తలా కొంత తోట రాసిచ్చారు. రాసిస్తూ ఒక షరతు పెట్టారు. ఏం కట్టుకున్నా సరే, కాసే చెట్టు మీద గొడ్డలి పడకూడదు. అప్పటి పెద్దలు సరేనన్నారు. అందువల్ల చెట్టు అడ్డొచ్చిన ప్రతిచోటా గోడే పక్కకు తప్పుకుంది. ఎకనామిక్స్ శాఖ ఒక గదిలో మొదలై, రెండు చెట్లకు ప్రదక్షిణం చేసి, కామర్సు వాళ్ల వరండాలో తేలుతుంది. కొత్తగా చేరిన పిల్లలకు క్లాసు వెతుక్కోవడంతోనే మొదటి నెల గడిచిపోతుంది. దీన్నే ఓరియెంటేషన్ ప్రోగ్రాం అంటారు.

మొదటి బ్యాచికి పాఠాలు కాయలు ప్యాకింగ్ చేసే షెడ్డులో జరిగాయి. పిల్లలు వరిగడ్డి మోపుల మీద కూర్చుని మౌర్య సామ్రాజ్యం విన్నారు. లెక్చరరు గారు అశోకుడి దగ్గరికొచ్చేసరికి లారీ వచ్చేది. అందరూ లేచి నాలుగు బుట్టలు ఎక్కించి, మళ్లీ కూర్చుని అశోకుణ్ణి అందుకునేవారు. ఆ బ్యాచిలో చాలామంది పెద్ద ఉద్యోగస్తులయ్యారు. అప్పటికి స్మార్ట్ బోర్డులు రాలేదు కాబట్టి బుర్రలోనే గుర్తుపెట్టుకోవాల్సొచ్చింది, పాపం.

ఇప్పుడు షెడ్లు పోయి భవనాలొచ్చాయి. చెట్లు మాత్రం అలాగే ఉన్నాయి. ఏటా కాపు వేలం వేస్తారు. పాడుకున్న కాంట్రాక్టరు కాయ దిగేదాకా కాపలా పెడతాడు. పరీక్ష హాల్లో ఇన్విజిలేటరు కునుకు తీసినా బయట కాపలా మనిషి రెప్ప వేయడు. అందుచేత ఈ క్యాంపసులో కాపీ కొట్టి తప్పించుకున్నవాళ్లు ఉన్నారు గానీ, కాయ కొట్టి తప్పించుకున్నవాళ్లు లేరు. విద్యా ప్రమాణాలంటే ఇవి!

ఈ విశ్వవిద్యాలయం చరిత్ర మీదే దయామణి పీహెచ్‌డీ చేస్తోంది.

దయామణిది ముసునూరు. నాన్న సువర్ణరాజు మిషన్ స్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు. భర్త చార్లెస్‌కి హనుమాన్ జంక్షన్‌లో సెల్‌ఫోన్లు బాగుచేసే షాపుంది. ఆవిడ తూర్పుతోట చరిత్ర శాఖలో గెస్ట్ లెక్చరరు. చెప్పిన క్లాసుకి డబ్బులు, చెప్పని క్లాసుకి లేవు, ఎండాకాలం సెలవులకి అసలే లేవు. గెస్టుగా వచ్చి ఎంతకాలమైందంటే, శాఖ తాళాలు ఆవిడ హ్యాండ్‌బ్యాగులోనే ఉంటాయి. పొద్దున్నే వచ్చి ఇంటివాళ్లకి తలుపులు తీసే అతిథిని మీరెక్కడైనా చూశారా?

ఇంటివాళ్లు అన్నది మాట వరసకే. ఆ శాఖలో పర్మినెంటు అధ్యాపకుడు ఒక్కరే, ఆచార్య బసవపున్నారావు. మిగతా కుర్చీల్లో కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరే రిటైరయ్యారు. కుర్చీలు మిగిలాయి. వాటిని నింపలేదని గోల పెట్టేవాళ్లకి పరిపాలన తెలియదు. ఖాళీ కుర్చీ ఇంక్రిమెంటు అడగదు, సెలవు పెట్టదు, వైస్ ఛాన్సలరు గారి మీద కోర్టుకు వెళ్లదు. అంత క్రమశిక్షణ గల సిబ్బంది ఎక్కడ దొరుకుతారు?

బసవపున్నారావు గారే దయామణికి గైడు. ఆయన కింద ఆవిడ రిజిస్టరు చేయించుకున్న ఏడు కూతురు షాలోమి ఎల్‌కేజీలో చేరింది. షాలోమి మొన్న పదో తరగతి పాసైంది. "మా ఇంట్లో ఇద్దరు చదువుకునే పిల్లలండీ, ఒకళ్లు గట్టెక్కారు" అని చార్లెస్ షాపుకొచ్చిన వాళ్లందరికీ చెబుతుంటాడు.

ఆలస్యంలో దయామణి తప్పేమీ లేదు. బతికున్న విశ్వవిద్యాలయం చరిత్ర రాయడంలో ఒక చిక్కుంది. అది ఇంకా జరుగుతూనే ఉంటుంది. ఆవిడ థీసిస్ ముగించినప్పుడల్లా వైస్ ఛాన్సలరు మారేవారు. కొత్తాయన "మా హయాం లేకుండా చరిత్రేంటండీ?" అనేవారు. ఇంకో అధ్యాయం కలిసేది. ఒకాయన ఆర్చి కట్టించారు. తరవాతాయన దానికి రంగు వేయించారు. ఆ తరవాతాయన ఆ రంగు వాస్తుకి పనికిరాదని ఇంకో రంగు వేయించారు. ఆర్చి మీదే మూడు అధ్యాయాలు! ఇలాంటి సమగ్రత ఆర్నెల్లలో రాసిపారేసే థీసిస్‌లో ఉంటుందా?

చివరికి వైస్ ఛాన్సలరు గారి బదులు విశ్వవిద్యాలయం చాలాకాలం ఇంఛార్జితో నడిచింది. ఇంఛార్జి గారు ఏ పనీ చేయలేదు. రాయడానికి ఏమీ లేక థీసిస్ పూర్తయింది. బైండింగయింది. బయటి పరీక్షకుల దగ్గరికి వెళ్లింది. బాగుందని రిపోర్టులు కూడా వచ్చాయి.

ఇక మిగిలింది వైవా ఒక్కటే. బయటి విశ్వవిద్యాలయం నుంచి ఒక ప్రొఫెసరు వచ్చి, అందరి ముందూ నాలుగు ప్రశ్నలు వేసి, లేచి చెయ్యి కలిపితే డాక్టరయినట్టే. కానీ తూర్పుతోట చరిత్ర శాఖలో వైవా ఎప్పుడు పడితే అప్పుడు పెట్టరు. రసాలు పండాలి.

ఇది రూల్సు పుస్తకంలో ఉండదు. ఆచారం. బయటినుంచి పెద్దమనిషి వచ్చి వెళుతుంటే ఉత్త చేతులతో పంపడం ఈ సీమలో పుట్టినవాళ్లకి చేతకాదు. బసవపున్నారావు గారికి జి. కొండూరు దగ్గర సొంత తోట ఉంది. తాతల నాటి చిన్నరసాల చెట్లు. వైవా అయిన సాయంత్రం గడ్డి పరిచి మాగవేసిన కాయలు బుట్టలో సర్ది, పరీక్షకుడి కారులో పెట్టించి, డోరు తనే వేసి, అప్పుడు గానీ ఆయన వైవా ముగిసిందనుకోరు. రసాల కోసమే ఇంత దూరపు ఊరికి పెద్ద పెద్ద ప్రొఫెసర్లు వస్తున్నారని ఆయన నమ్మకం. లేకపోతే ఆ లారీల రద్దీలో హనుమాన్ జంక్షన్ దాటుకుని ఎవరొస్తారు?

కాబట్టి జనవరి రాగానే చరిత్ర శాఖ మొత్తం తలలెత్తి చెట్ల వంక చూసేది. పూత బాగుంటే రీసెర్చి స్కాలర్ల మొహాలు వెలిగేవి. మంచు కురిస్తే వాళ్లకి జ్వరాలొచ్చేవి. పిందె నిలిస్తే పరీక్షకులకి లేఖలు వెళ్లేవి. గాలివాన కొట్టిన ఏడు ఇద్దరు డాక్టర్లు నేలరాలారు. పరిశోధనకి, వ్యవసాయానికి ఇంత దగ్గర సంబంధం పెట్టిన విశ్వవిద్యాలయం ప్రపంచంలో ఇంకోటి ఉందా? సదస్సులు పెట్టి మాట్లాడుకుంటారు గానీ, దీన్ని ఒక్కరూ మెచ్చుకోరు.

ఈ ఏడు జనవరిలో రెండు సంగతులు జరిగాయి. మొదటిది, చరిత్ర శాఖలో ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకి నోటిఫికేషన్ పడింది. పర్మినెంటు పోస్టు. అంతకుముందు పడింది ఎప్పుడో శాఖలో ఎవరికీ జ్ఞాపకం లేదు. జూలై మూడో వారం లోపు డాక్టరేటు చేతిలో ఉండాలి. వయసు ప్రకారం చూస్తే దయామణికి ఇదే మొదటిది, ఇదే ఆఖరుది.

రెండోది, నల్ల తామర పురుగు పడి పూతంతా మాడిపోయింది.

మార్చిలో గైడు గారి గది ముందు నిలబడి దయామణి వైవా సంగతి కదిపింది. బసవపున్నారావు గారు మంచి మనిషి. ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టాకే మాట్లాడారు.

"నాకు మాత్రం ఆత్రం లేదేంటమ్మా? కానీ తోటకెళ్లి నువ్వే చూడు. చెట్టుకి చారెడు కాయ లేదు. నరసింహులు గారిని ఏం పెట్టి పిలవమంటావు?"

నరసింహులు గారంటే దయామణి థీసిస్ చదివి రిపోర్టిచ్చిన బయటి ప్రొఫెసరు. తూర్పుతోటకి ఎన్నో ఏళ్లుగా వైవాలకి వస్తున్న పెద్దమనిషి.

"మార్కెట్లో కొందామండీ సార్. నేను తెప్పిస్తాను."

ఆయన మొహం చిన్నబోయింది. "కొన్న కాయ పెడతామా? కార్బైడు వేసిన కాయో ఏంటో. మా తోట కాయ తిన్న మనిషమ్మా ఆయన. నోట్లో పెట్టుకోగానే తెలిసిపోద్ది."

"పోనీ ఆన్‌లైన్‌లో పెట్టుకుందామా అండీ? చాలా యూనివర్సిటీల్లో పెడుతున్నారు."

"ఫోన్లో మొహం చూపించి పంపేస్తామా? ఇన్నేళ్లు చేసిన మర్యాద ఏమైపోవాలి? వచ్చే ఏడు కాపు ఇరగకాస్తదిలే. కంగారుపడకు."

వచ్చే ఏడు ఆయనా ఉండరు, జూలై ఆఖరికి రిటైర్మెంటు. ఆ మాట ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ పైకి అనలేదు. దయామణి బయటికొచ్చి వరండాలో కాసేపు నిలబడింది. ఏడుపొచ్చింది. క్లాసు టైమయిందని ఆపుకుని వెళ్లి వియన్నా కాంగ్రెస్ చెప్పింది.

ఇక్కడ మీరు అడగొచ్చు, ఆలస్యం వరమన్నారు కదా, మరి ఆవిడ ఏడ్చిందేంటని. వరం పొందినవాళ్లు ఏడవరని ఎవరన్నారు? ఆనందం ఎక్కువైనా కళ్లు చెమరుస్తాయి.

ఏప్రిల్ అయిపోయింది. మే కూడా సగం గడిచింది. తోటల్లో ఉన్న నాలుగు కాయలకీ కవర్లు కట్టి బంగారంలా దాచుకున్నారు రైతులు. బసవపున్నారావు గారు రోజూ తోటకెళ్లి ఒక బుట్టకి సరిపడా కాయ కోసం చెట్టు చెట్టూ వెతికి, సాయంత్రానికి వేలాడేసిన మొహంతో తిరిగొచ్చేవారు. శిష్యురాలి భవిష్యత్తు ఆయనకి పట్టలేదని ఎవరూ అనలేరు. ఆ ఎండలో ఆ వయసులో ఆయన తిరిగిన తిరుగుడు చూస్తే రాయి కూడా కరుగుతుంది. ఆయన భార్య నాగేంద్రమ్మ గారు "మీ పీహెచ్‌డీ ఏమో గానీ మీకు వడదెబ్బ తగిలేట్టుంది" అని రోజూ మజ్జిగ కలిపి పట్టేవారు.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర చార్లెస్ అన్నాడు. "నువ్వే ఫోను చెయ్యొచ్చు కదా ఆయనకి."

"స్కాలరు ఎగ్జామినర్‌కి ఫోన్ చెయ్యకూడదు. చాలా తప్పు."

"మామిడికాయ లేదని డాక్టరేటు ఆపడం రైటా మరి?"

షాలోమి పక్కనుంచి "చెయ్యమ్మా" అంది. పదో తరగతి పాసైన పిల్ల మాటకి ఆ ఇంట్లో ఈ మధ్య విలువ పెరిగింది. చేతులు కడుక్కుని, చిన్న ప్రార్థన చేసుకుని, దయామణి నెంబరు నొక్కింది.

"సార్, నమస్తే అండీ. తూర్పుతోట యూనివర్సిటీ నుంచి దయామణినండీ. నా థీసిస్ తమరి దగ్గరికి వచ్చింది."

"ఆ, చెప్పమ్మా. మీ యూనివర్సిటీ చరిత్రే కదా. చాలా బాగా రాశావు. నేను రిపోర్టు పంపి ఎంతకాలమైంది! వైవాకి పిలవరేంటి?"

ఆవిడ తడబడుతూ అంది.

"అంటే సార్, ఈ ఏడు కాపు లేదండీ."

"దేని కాపమ్మా?"

"మామిడి కాపండీ."

లైను తెగిందేమోనని దయామణి ఫోను ఒకసారి చూసుకుంది.

"మామిడి కాపుకీ వైవాకీ ఏంటమ్మా సంబంధం?"

ఎలా చెప్పాలో తెలియక ఉన్నదున్నట్టు చెప్పేసింది. రసాల సంగతి, బుట్ట సంగతి, గైడు గారు ఎండలో తిరగడం, అన్నీ. నరసింహులు గారు అంతా విని అన్నారు.

"అమ్మా, నాకు షుగరు. ఎప్పట్నించో ఉంది. పున్నారావు బుట్ట ఎత్తించి కారులో పెట్టిస్తాడు. వద్దంటే మనసు కష్టపెట్టుకుంటాడని తీసుకుంటాను. స్టేషన్లో ఎవరికో ఒకరికి ఇచ్చేసి రైలెక్కుతాను."

"అయ్యో సార్."

"ఇంకో మాట చెప్పనా? మీరెప్పుడూ మే నెలలోనే పిలుస్తారు. ఆ ఎండకి వచ్చినప్పుడల్లా నాకు నాలుగు రోజులు మంచం. మిగతా నెలల్లో మీ యూనివర్సిటీ పని చెయ్యదేమో, అడిగితే బాగోదని ఊరుకున్నాను."

చూశారా! ఇక్కడ ఈయన మామిడి పళ్లు లేనిదే ఆయన రాడని ఆగాడు. అక్కడ ఆయన ఎండలు లేనిదే వీళ్లు పిలవరని ఊరుకున్నాడు. ఒకరి మర్యాద ఒకరు కాపాడుకుంటూ ఎందరి పీహెచ్‌డీలనో మాగబెట్టేశారు. కొందరి పెళ్లిళ్లు వాయిదా పడ్డాయి. కొందరికి వయసు దాటింది. ఒకాయనైతే విసిగిపోయి హనుమాన్ జంక్షన్‌లో టిఫిన్ సెంటరు పెట్టుకుని బ్రహ్మాండంగా స్థిరపడ్డాడు. ఇవాళ ఆయన దగ్గర ఇడ్లీ తింటున్న అసిస్టెంట్ ప్రొఫెసర్లు ఎందరో. ఆలస్యం వల్ల కలిగిన మేలు కాదూ ఇది?

అసలు కష్టం తరవాత వచ్చింది. ఈ సంగతి గైడు గారికి చెప్పాలి. ఆయన తాత నాటిన చెట్ల కాయ స్టేషన్లో ఎవరికో పోతోందని ఎలా చెప్పడం? దయామణి రెండు రోజులు వాయిదా వేసింది. చివరికి స్టేషన్ సంగతి దాచేసి, షుగరు సంగతి మాత్రమే చెప్పింది.

బసవపున్నారావు గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"షుగరా? ఎలా ఉన్నాయండీ కాయలని అడిగితే ప్రతిసారీ అమృతం అనేవారే."

"మీరు బాధపడతారనండీ."

"నేనే కదమ్మా ఆయన్ని బాధపెట్టింది." ఆయన కిటికీలోంచి చెట్ల వంక చూశారు. "మీ అందర్నీ కూడా," అన్నారు తరవాత. దయామణికి ఆయన మీద ఇన్నాళ్లూ ఉన్న కోపం అక్కడే పోయింది. ఆ రోజే ఆయన స్వయంగా ఫోను చేసి పిలిచారు.

జూలై మొదటి వారంలో, వాన పడుతుండగా, వైవా జరిగింది. ఓపెన్ వైవా అంటే సభలో ఎవరైనా ఏదైనా అడగొచ్చు. అందుకే ఎవరు ఏది అడగాలో ముందురోజే చెప్పి ఉంచారు. హాలు నిండాలని కామర్సు పిల్లలని కూడా తోలుకొచ్చారు. వాళ్లు సమోసాల వైపు చూస్తూ చరిత్ర విన్నారు. అంతా పద్ధతి ప్రకారమే సాగింది. ఆఖర్న నరసింహులు గారు థీసిస్ మూసి, ఎవరూ చెప్పి ఉంచని ప్రశ్న అడిగారు.

"ఆర్చి మీద మూడు అధ్యాయాలు రాశావమ్మా. ఇక్కడ పాఠాలు చెప్పినవాళ్ల అధ్యాయం ఏదీ?"

దయామణి మైకు దగ్గరికి లాక్కుంది.

"మొదట్లో రాశానండీ. అందరి పేర్లూ, వాళ్ల తరవాత ఎవరొచ్చారో కూడా. రాన్రాను పేరు పక్కన ఖాళీ, ఖాళీ అని రాయాల్సొచ్చింది. చూడ్డానికి బాగోలేదు తీసేయమన్నారండీ."

"ఎవరు?"

"అప్పటి వైస్ ఛాన్సలర్ గారండీ."

ముందు వరసలో కూర్చున్న పెద్దలు చేతుల్లో ఉన్న టీ కప్పుల వంక శ్రద్ధగా చూసుకున్నారు. నరసింహులు గారు లేచి వచ్చి దయామణికి చెయ్యి కలిపారు. చప్పట్లు మోగాయి. వెనక వరసలో చార్లెస్ ఈల వేయబోతే షాలోమి చెయ్యి పట్టుకుని ఆపింది.

సాయంత్రం బసవపున్నారావు గారు కారు దాకా వచ్చారు. చేతిలో చిన్న డబ్బా. "మా ఆవిడ కారపు వేరుశెనగపప్పు వేయించిందండీ. షుగరున్నవాళ్లు కాస్త తినొచ్చట." నరసింహులు గారు డబ్బా మూత అక్కడే తీసి, నాలుగు పలుకులు నోట్లో వేసుకుని, మిగతాది ఒళ్లో పెట్టుకుని కారెక్కారు.

గడువు ముగియక ముందే ప్రొవిజనల్ సర్టిఫికెట్ వచ్చింది. దయామణి దరఖాస్తు పెట్టింది. శాఖలో ఆవిడ పేరుకి ముందు డాక్టరన్న మాట చేరింది. సువర్ణరాజు గారు చర్చిలో కృతజ్ఞత కూడిక పెట్టించి ఊరందరికీ భోజనాలు పెట్టారు. ఆ పూట తండ్రి పక్కన కూర్చుని దయామణి కడుపారా అన్నం తింది. చాలాకాలానికి ఆవిడ అంత సంతోషంగా ఉంది.

నెల తిరక్కుండానే విశ్వవిద్యాలయం నోటీసు అంటించింది. పరిపాలనా కారణాల వల్ల నోటిఫికేషన్ నిరవధికంగా వాయిదా వేశారు.

ఏం పరిపాలనా కారణాలు? ఎవరికీ తెలియదు. అర్హత గల అభ్యర్థి లేనంతకాలం నోటిఫికేషన్ నిక్షేపంలా గోడ మీద ఉంది. అభ్యర్థి తయారయ్యేసరికి దానికి వాయిదా పడాలనిపించింది. నిన్నటిదాకా దయామణికి ఉద్యోగం రాలేదంటే మామిడిని తిట్టుకునేది, పురుగుని తిట్టుకునేది, గైడుని తిట్టుకునేది. ఇప్పుడు తిట్టుకోవడానికి ఒక్క చెట్టు కూడా మిగల్లేదు. ఆలస్యం వరమని మొదట్లోనే చెప్తే మీరే వినలేదు!

జూలై ఆఖర్న బసవపున్నారావు గారు రిటైరయ్యారు. శాలువా కప్పారు. ఆయన కుర్చీ కూడా మిగతా కుర్చీల సరసన చేరింది.

ఆగస్టులో ఎం.ఏ. రెండో ఏడు క్లాసు. దయామణి పాఠం మొదలెట్టబోతుంటే అనూష లేచి నిలబడింది. విస్సన్నపేట వైపు నుంచి బస్సులో వచ్చే పిల్ల. క్లాసులో అందరికంటే బాగా రాస్తుంది. ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి.

"మేడమ్, ఎం.ఏ. అయ్యాక పీహెచ్‌డీ చేద్దామనుకుంటున్నానండీ. మీ దగ్గరే చేస్తాను."

దయామణికి గర్వంగా అనిపించింది.

"నేను గైడుగా ఉండటానికి కుదరదమ్మా. పర్మినెంటు వాళ్లే ఉండాలి."

"మరి మన డిపార్టుమెంటులో పర్మినెంటు ఎవరండీ?"

"ఎవరూ లేరమ్మా."

అనూష మళ్లీ కూర్చుంది. దయామణి బోర్డు వైపు తిరిగి ఆ రోజు పాఠం పేరు రాసింది. బెల్లు కొట్టేదాకా చెప్పింది. ఆ పిల్ల మాత్రం ఆ రోజు నోట్సు రాసుకోలేదు.

కాబట్టి పాఠకులారా, విశ్వవిద్యాలయాల్లో పీహెచ్‌డీలు ఆలస్యమవుతున్నాయని ఎవరైనా గోల పెడుతుంటే సంతోషించండి. అక్కడ ఇంకా చదివేవాళ్లున్నారు, చదివించేవాళ్లు ఒకళ్లయినా ఉన్నారని అర్థం. తూర్పుతోట చరిత్ర శాఖ ఆ దశ కూడా దాటేసింది. ఇప్పుడక్కడ ఏ పీహెచ్‌డీ ఆలస్యం కావడం లేదు.